ట్రాక్టరు ట్రాలీ ఎంపిక: హుక్కు, బేరింగు, టైరు చూసి నిర్ణయించుకోవడం

ట్రాక్టరు కొనేటప్పుడు పది మందిని అడిగి, ఉన్న షోరూములన్నీ తిరిగే రైతు, ట్రాలీ దగ్గరకు వచ్చేసరికి తొట్టి పొడవెంత, రేకు మందమెంత, ధర ఎంత అన్న మూడు ప్రశ్నలతో సరిపెట్టుకుని బయానా ఇచ్చేస్తాడు. రేకు మందం వల్ల ట్రాలీ కొన్నేళ్లు ఎక్కువ మన్నవచ్చు గాని, దారిలో మనిషి ప్రాణం మీదికి వచ్చేది మాత్రం రేకు వల్ల కాదు. హుక్కు పిన్ను ఊడిపోవడం, బేరింగు పట్టేసి చక్రం విడిపోవడం, బరువు మీద టైరు పేలడం అనే మూడు కారణాలే ట్రాలీని రోడ్డు మీద నిలబెట్టేస్తాయి లేదా కాలువలోకి ఈడ్చేస్తాయి. అందువల్ల ట్రాలీ ఏది కొనాలి, కొన్నాక ఏ భాగానికి ఏ రకం వాడాలి అన్న ప్రశ్నలకు ఈ మూడు చోట్ల నుంచే జవాబు వెతకడం మంచిదని నా నమ్మకం. ఇక్కడ చెప్పేదంతా 40 నుంచి 50 హార్స్‌పవర్ ట్రాక్టరుతో పొలం నుంచి ఇంటికి, ఇంటి నుంచి గుంటూరు మిర్చి యార్డుకో, వరంగల్ ఏనుమాముల మార్కెట్టుకో, నిజామాబాద్ పసుపు యార్డుకో సరుకు తోలే రైతును దృష్టిలో పెట్టుకుని రాసినది.

ఈ మూడింటి విషయంలో ఖర్చు ఒక దారిలో, ప్రమాదం మరో దారిలో నడుస్తాయి. పిన్ను ఖరీదు వందల్లో, బేరింగుల ఖరీదు వేలల్లో, టైర్ల ఖరీదు పదివేలల్లో ఉంటుంది. టైరు పేలితే బండి చాలాసార్లు ఒక పక్కకు ఒరిగి ఆగుతుంది, బేరింగు పోయేముందు వేడి రూపంలో, చప్పుడు రూపంలో హెచ్చరిక ఇస్తుంది, పిన్ను మాత్రం ఏ హెచ్చరికా లేకుండా ఊడి, టన్నుల బరువును ఎదురుగా వచ్చేవారి మీదకు వదిలేస్తుంది. డబ్బు ఎక్కువ పెట్టేచోట శ్రద్ధ ఎక్కువ పెట్టడం మన సహజ గుణం గనుక, అందరూ టైర్లను రోజూ చూస్తారు, పిన్నును ఏడాదికొకసారి కూడా తీసి చూడరు.

రెండు చక్రాలా, నాలుగు చక్రాలా

మొదటి నిర్ణయం ఇదే, మిగిలిన నిర్ణయాలన్నీ దీన్ని బట్టే మారతాయి. ఒకే యాక్సిల్ మీద నిలిచే రెండు చక్రాల ట్రాలీలో సరుకు బరువులో కొంత భాగం హుక్కు ద్వారా ట్రాక్టరు మీద పడుతుంది. ముందు యాక్సిల్‌కు టర్న్ టేబుల్ (యాక్సిల్‌ను కుడి ఎడమలకు తిరగనిచ్చే గుండ్రటి పళ్లెం) ఉన్న నాలుగు చక్రాల ట్రాలీలో బరువంతా దాని చక్రాలే మోస్తాయి, లాగే బారు కీలు మీద పైకీ కిందకీ కదులుతుంది గనుక హుక్కు మీద ఆ బారు బరువు తప్ప మరేమీ పడదు.

రెండు చక్రాల ట్రాలీలో ఈ లెక్క ఎలా నడుస్తుందో ఒక ఉదాహరణతో చూద్దాం. తొట్టి, సరుకు కలిపి 6 టన్నులు అనుకుందాం. ఆ మొత్తం బరువుకు కేంద్రం యాక్సిల్ కంటే 30 సెంటీమీటర్లు ముందు ఉండి, యాక్సిల్ నుంచి హుక్కుకు 3 మీటర్ల దూరం ఉంటే, హుక్కు మీద పడే బరువు 600 కిలోలు. హుక్కు ట్రాక్టరు వెనక యాక్సిల్ కంటే 60 సెంటీమీటర్లు వెనక ఉండి, ట్రాక్టరు ముందు వెనక యాక్సిళ్ల మధ్య 2 మీటర్ల దూరం ఉంటే, ఆ 600 కిలోల వల్ల ముందు చక్రాల మీది బరువు 180 కిలోలు తగ్గుతుంది. రెండు టన్నుల ట్రాక్టరు ముందు చక్రాల మీద ఉండేదే 700, 800 కిలోలు. ఇప్పుడు బస్తాలన్నీ తొట్టి ముందు భాగంలోనే పేర్చి, బరువు కేంద్రాన్ని మరో 30 సెంటీమీటర్లు ముందుకు జరిపితే, హుక్కు మీది బరువు 1,200 కిలోలవుతుంది, ముందు చక్రాలు 360 కిలోలు తేలికవుతాయి, అంటే దాదాపు సగం బరువు పోతుంది. కాలువ గట్టు ఎక్కేటప్పుడు స్టీరింగు తిప్పినా బండి తిరగకపోవడానికి, ముందు చక్రాలు గాలిలోకి లేవడానికి కారణం ఇదే. దీనికి విరుగుడుగా సరుకును వెనక్కి నెడితే ఇంకో కష్టం వస్తుంది. బరువు కేంద్రం యాక్సిల్ దాటి వెనక్కి పోతే హుక్కు మీద బరువు పడడానికి బదులు హుక్కు పైకి లేవబోతుంది, ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టు, దానితోపాటు బ్రేకు బలం తగ్గుతాయి, ట్రాలీ అటూ ఇటూ ఊగుతుంది, క్లిప్పు లేని పిన్ను కుదుపులకు పైకి లేచి వచ్చేస్తుంది.

ఇంత ప్రమాదం ఉందనుకుంటే రెండు చక్రాల ట్రాలీ కొనవద్దనిపిస్తుంది గాని, పొలం పనికి నేను దానినే ఎంచుకోమంటాను. సరుకు సరిగా పేరిస్తే హుక్కు మీద పడే ఆ 600 కిలోలే తడి నేలలో ట్రాక్టరు వెనక చక్రాలకు పట్టునిస్తాయి, నాలుగు చక్రాల ట్రాలీకి ఈ లాభం ఉండదు గనుక దమ్ము చేసిన మడి పక్కనుంచి, డొంక దారిలోంచి వచ్చేటప్పుడు ట్రాక్టరు చక్రాలు ఉన్నచోటే తిరుగుతాయి. వెనక్కి నడపడం రెండు చక్రాల ట్రాలీతో ఏ డ్రైవరైనా కొద్ది రోజుల్లో నేర్చుకుంటాడు. టర్న్ టేబుల్ ట్రాలీలో హుక్కు దగ్గర ఒకటి, టర్న్ టేబుల్ దగ్గర ఒకటి, రెండు కీళ్లు ఉంటాయి గనుక వెనక్కి నడపడం అనుభవం ఉన్నవారికే సాధ్యం. అంతేకాక ముందు చక్రాలు పూర్తిగా తిప్పినప్పుడు నాలుగు చక్రాల ట్రాలీ నిలబడే ఆధారం ఇరుకై, ఎగుడుదిగుడు గట్టు మీద మలుపు తిప్పితే పక్కకు ఒరిగే అవకాశం పెరుగుతుంది.

నాలుగు చక్రాల ట్రాలీ గెలిచేది తారురోడ్డు మీద. ఇటుకలు, కంకర, చెరకు వంటి బరువు సరుకును ఇరవై ముప్పై కిలోమీటర్లు తోలేవారికి అదే సరైనది. ఎందుకంటే సరుకు ఎలా పేర్చినా ట్రాక్టరు ముందు చక్రాలు తేలవు, ఒక్కో చక్రం మీద పడే బరువు కూడా తక్కువ. పై ఉదాహరణలోని 6 టన్నులనే తీసుకుంటే, రెండు చక్రాల ట్రాలీలో ఒక్కో హబ్బు (చక్రం నడిమి భాగం, బేరింగులు ఉండే చోటు) 2.7 టన్నులు మోస్తుంది, నాలుగు చక్రాల దానిలో 1.5 టన్నులు. కాని హబ్బులు రెండుకు బదులు నాలుగు, బేరింగులు నాలుగుకు బదులు ఎనిమిది, ఆయిల్ సీళ్లు రెట్టింపు, పైగా టర్న్ టేబుల్‌కు వేరే గ్రీజు పని ఉంటాయి. నిర్వహణకు ఓపిక, సమయం లేని ఇంటికి నాలుగు చక్రాల ట్రాలీ భారమే అవుతుంది.

రెంటిలో దేనికైనా మన ట్రాలీల్లో చాలావాటికి బ్రేకులు ఉండవు, ఆపే పనంతా ట్రాక్టరుదే. అందువల్ల రోడ్డెక్కే ముందు కుడి ఎడమ బ్రేకు పెడళ్లను కలిపే లాచీ తప్పక వేయాలి. ఒక్క పెడలే తొక్కితే ఒక చక్రమే ఆగి, ట్రాలీ ట్రాక్టరును పక్కకు నెట్టి మడిచేస్తుంది. దిగుడులో న్యూట్రల్ వేయకుండా తక్కువ గేరులోనే దిగాలి.

హుక్కు, పిన్ను, రింగు

ట్రాక్టరుకు ట్రాలీ తగిలించడానికి సాధారణంగా మూడు చోట్లు అందుబాటులో ఉంటాయి. గేరుబాక్సు వెనక బిగించిన ట్రాలీ హుక్కు ఒకటి, దాని కింద ఉండే డ్రాబారు రెండోది, లిఫ్టు కింది చేతుల మధ్య బిగించే రంధ్రాల పట్టీ మూడోది. రెండు చక్రాల ట్రాలీకి మొదటిదే సరైనది, నాలుగు చక్రాల దానికి మొదటిదీ రెండోదీ పనికివస్తాయి. రంధ్రాల పట్టీ తేలిక పనిముట్ల కోసం ఉద్దేశించినది, దానికి బరువు ట్రాలీ తగిలిస్తే లిఫ్టు చేతుల పిన్నులు వంగుతాయి, లిఫ్టు కదిలినప్పుడల్లా హుక్కు ఎత్తు మారుతుంది. ఇక పై లింకు బిగించే చోట గొలుసు కట్టి లాగడం ఎట్టి పరిస్థితిలోనూ చేయరాదు. లాగే చోటు వెనక యాక్సిల్ ఎత్తును మించితే ట్రాక్టరు వెనక్కి తిరగబడుతుంది, ఆ తిరగబడడం డ్రైవరు క్లచ్ తొక్కేలోపే అయిపోతుంది. పక్కలకు ఊగే డ్రాబారు ఉంటే, రోడ్డు మీద దాన్ని మధ్యలో పిన్నుతో బిగించి ఉంచాలి.

హుక్కు దవడలు రెండుండి, వాటి మధ్యలోకి ట్రాలీ రింగు వచ్చి, పైనుంచి కిందకు పిన్ను దిగే ఏర్పాటు ఒకే పలకకు వేలాడే పిన్ను కంటే ఎంతో మేలు, ఎందుకంటే పిన్ను రెండు చివరలా ఆధారం మీద ఉంటుంది. ఒకే పలక ఉన్న హుక్కులో పిన్ను అడుగు చివర గాలిలో ఉండి, ప్రతి కుదుపుకూ వంగుతుంది. కొనేటప్పుడు ధరలో తేడా కొద్దిపాటిదే గనుక ఇక్కడ రెండో ఆలోచన అవసరం లేదు.

పిన్ను విషయంలో ఎంపిక మూడు రకాలుగా ఉంటుంది. ట్రాక్టరు కంపెనీ పిన్ను, లేత్ షాపులో ఈఎన్‌8 వంటి మధ్యరకం కార్బన్ ఉక్కుతో చేయించిన పిన్ను, ఇనుప కొట్టులో దొరికే మామూలు రాడ్డు ముక్క. మొదటి రెండూ పనికివస్తాయి, మూడోది పనికిరాదు. స్లాబు కట్టే చువ్వను పిన్నుగా వాడేవారు కూడా కనిపిస్తారు, దాని మీది గీతల వల్ల హుక్కు రంధ్రమూ రింగూ వేగంగా తినేస్తాయి, పైగా అది రంధ్రానికి సరిపడే లావు ఉండదు. పిన్ను ఎంత అరిగితే మార్చాలన్నదానికి చిన్న లెక్క ఉంది. గుండ్రటి రాడ్డు వంపును తట్టుకునే శక్తి దాని వ్యాసం ఘనాన్ని అనుసరిస్తుంది. 30 మిల్లీమీటర్ల పిన్ను అరిగి 27 అయితే చూడటానికి తేడా పెద్దగా కనిపించదు గాని, ఆ శక్తిలో పావు వంతుకు పైగా పోయినట్టే. అందువల్ల 30 మిల్లీమీటర్ల పిన్నుకు రెండు మిల్లీమీటర్ల అరుగుదల కనిపిస్తే మార్చేయమని నా సలహా. లావు కొలిచే వెర్నియర్ లేకపోతే లేత్ షాపులో నిమిషంలో కొలిచి చెబుతారు.

పిన్నును పట్టి ఉంచే క్లిప్పు గురించి ఎంత చెప్పినా తక్కువే. రింగు ఉన్న లించ్ పిన్ను, లేదా ఆర్ ఆకారపు స్ప్రింగు క్లిప్పు మాత్రమే వాడాలి. మేకు వంచి పెట్టడం, బైండింగ్ వైరు చుట్టడం కుదుపులకు నిలవవు. క్లిప్పులు పోతూనే ఉంటాయి గనుక టూల్ బాక్సులో ఎప్పుడూ రెండు అదనంగా ఉంచుకుని, ఒకదాన్ని చిన్న గొలుసుతో హుక్కుకే కట్టేస్తే మంచిది. వాటికి తోడు ట్రాలీ బారుకూ ట్రాక్టరుకూ మధ్య ఒక రక్షణ గొలుసు ఉండాలి గాని, మన ప్రాంతంలో అది అరుదుగా కనిపిస్తుంది. పిన్ను పోయినా ట్రాలీని వెంట ఉంచేది ఆ గొలుసే గనుక, కొత్త ట్రాలీ చేయించేవారు బారుకు రెండు కొక్కేలు పెట్టించుకుని, గొలుసులను బారు కింద అడ్డంగా దాటించి కట్టుకోవాలి. మలుపుకు సరిపడా వదులు ఉండాలి, నేలకు రాసుకునేంత వదులు ఉండకూడదు.

ట్రాలీ వైపు రింగులో తేడాలు చూస్తే, పలకకు గ్యాసుతో రంధ్రం కోసినది అన్నిటికంటే నాసిరకం, కొట్టి మలచిన రింగును బారుకు అతికించినది మధ్యరకం, బారులోపల తన చుట్టూ తాను తిరిగే రింగు మేలురకం. గట్టు దాటేటప్పుడు ట్రాక్టరు ఒక పక్కకు, ట్రాలీ మరో పక్కకు ఒరిగినప్పుడు కదలని రింగు పిన్నును మెలిపెడుతుంది, తిరిగే రింగు ఆ మెలికను తనలోనే ఇముడ్చుకుంటుంది. పొలం దారులు ఎక్కువగా ఉన్నవారికి ఆ అదనపు ఖర్చు తగినదే. ఏ రకమైనా రింగు వెల్డింగు మొదట్లో పగులు వస్తుందేమో గమనించాలి. పెయింటు మీద సన్నని తుప్పు గీత కనిపిస్తే అనుమానించి, ఆ చోటు శుభ్రం చేసి కిరసనాయిలు పూసి, పావుగంట తరువాత పూర్తిగా తుడిచి, సుద్దపొడి చల్లితే పగులు ఉన్నచోట నూనె పైకి ఊరి నల్లని గీతగా కనిపిస్తుంది. పగిలిన రింగు మీద మళ్లీ వెల్డింగు పోయించడం కంటే రింగే మార్చడం మంచిది, ఎందుకంటే పాత పగులు లోపల అలాగే ఉండి కొత్త వెల్డింగు పక్కనుంచి మళ్లీ బయలుదేరుతుంది.

బయలుదేరినప్పుడు, ఆగినప్పుడు ట్రాలీ దడేలుమని కొడుతుంటే పిన్నుకూ రంధ్రానికీ మధ్య ఖాళీ పెరిగిందని అర్థం. అది పిన్ను మార్చితే పోతుందో లేదో ముందు చూసి, పోకపోతే రంధ్రంలో బుష్ వేయించాలి.

బేరింగులు, గ్రీజు

ట్రాలీ హబ్బుల్లో వాడేవి టేపర్ రోలర్ బేరింగులు, ఒక్కో హబ్బులో లోపలిది పెద్దది, బయటిది చిన్నది ఉంటాయి. ఇక్కడ ఎంపిక రకం గురించి కాదు, సైజు గురించి, అసలు నకిలీల గురించి. బేరింగు మీది నంబరులో చివరి రెండు అంకెలను 5తో గుణిస్తే లోపలి రంధ్రం ఎన్ని మిల్లీమీటర్లో వస్తుంది, కాబట్టి 32210 అంటే 50 మిల్లీమీటర్ల యాక్సిల్, 32211 అంటే 55 మిల్లీమీటర్ల యాక్సిల్. ట్రాలీ తయారీదారు బయానా తీసుకునే ముందే ఈ నంబరు చెప్పమని అడగాలి, చెప్పలేనివాడి దగ్గర కొనకపోవడమే మంచిది. రోలర్ బేరింగు ఆయుష్షు భారం పెరిగే వేగం కంటే చాలా ఎక్కువ వేగంతో తరుగుతుంది. లెక్క ప్రకారం భారం 20 శాతం పెరిగితే ఆయుష్షు సుమారు సగానికి పడిపోతుంది, భారం రెట్టింపయితే పదో వంతే మిగులుతుంది. తొట్టికి పైన అదనపు పలకలు బిగించి ఒక టన్ను ఎక్కువ తోలడం వల్ల ఒక ట్రిప్పు మిగులుతుందనుకునేవారు ఈ లెక్కను కూడా చూసుకోవాలి. మోటారు వాహనాల చట్టంలోని 194వ సెక్షన్ ప్రకారం, 2019 సవరణ తరువాత, అధిక బరువుకు జరిమానా 20,000 రూపాయలు, ఆపై ప్రతి అదనపు టన్నుకు 2,000 రూపాయలు.

పెద్ద కంపెనీల పేర్లతో నకిలీ బేరింగులు బజారులో తిరుగుతున్నాయి. పెట్టె చూసి పోల్చడం కష్టం గనుక అధీకృత డీలరు దగ్గర బిల్లుతో కొనడమొకటే నమ్మదగిన మార్గం. జైపూర్‌లో తయారయ్యే ఎన్‌బీసీ, టిమ్కెన్, ఎస్‌కేఎఫ్ వంటివాటిలో ఏది దొరికినా సరే, వాటిలో ఒకదాన్ని మించి మరొకటి అని ట్రాలీ పనికి వాదించనవసరం లేదు. సరైన నంబరు, అసలు సరుకు, రోలర్లు దొర్లే బయటి కప్పుతో సహా జతగా మార్చడం ముఖ్యం. పాత కప్పులో కొత్త రోలర్లు వేస్తే పాత గుంతలు కొత్తవాటిని త్వరగా తినేస్తాయి.

గ్రీజు ఎంపికలోనే ఎక్కువమంది పొరపడతారు. తక్కువ ధరకు దొరికే కాల్షియం రకం చాసిస్ గ్రీజు నీటిని బాగా తట్టుకుంటుంది గాని సుమారు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరిగి కారిపోతుంది. అది టర్న్ టేబుల్‌కు, కమాన్ కట్టల పిన్నులకు, హుక్కుకు చాలు. హబ్బులో లిథియం గ్రీజు, డబ్బా మీద ఎన్‌ఎల్‌జీఐ అని రాసే చిక్కదనం అంకె 2 లేదా 3 ఉన్నది వేయాలి, అది సుమారు 180 డిగ్రీల దాకా కరిగి కారదు. ఎండాకాలంలో దూరప్రయాణం ఉన్నవారు లిథియం కాంప్లెక్స్ తీసుకోవచ్చు. రంగు చూసి రకం నిర్ణయించకూడదు, ఎర్రదైనా నీలిదైనా అది కంపెనీ కలిపిన రంగే. రకం మార్చేటప్పుడు పాతదంతా డీజిలుతో కడిగి, ఆరబెట్టి, అప్పుడే కొత్తది పెట్టాలి, ఎందుకంటే పొసగని గ్రీజులు కలిస్తే పలచబడి కారిపోతాయి. కడిగిన బేరింగును కంప్రెసరు గాలితో గిర్రున తిప్పి ఆరబెట్టడం ప్రమాదకరం, రోలర్లు గీసుకుపోతాయి, రోలర్లను పట్టి ఉంచే చట్రం చెదిరి కంటికి తగలవచ్చు.

హబ్బుకు నిపుల్ ఉండి గ్రీజు గన్నుతో నింపేది మేలా, విప్పి చేత్తో పెట్టేది మేలా అంటే నేను రెండోదాన్నే ఎంచుకుంటాను. నిపుల్ నుంచి ఎక్కించిన గ్రీజు లోపలి బేరింగుకు చేరిందో లేదో తెలియదు, అతిగా కొడితే వెనక ఆయిల్ సీలును తోసేస్తుంది, నిండా నింపిన హబ్బు వేడెక్కుతుంది. అరచేతిలో గ్రీజు పెట్టుకుని బేరింగు పెద్ద అంచును దానికి నొక్కుతూ అవతలి వైపు నుంచి ఉబికే దాకా నింపి, హబ్బు ఖాళీలో మూడోవంతు నుంచి సగం దాకా పెడితే చాలు. నట్టు బిగించేటప్పుడు చక్రం తిప్పుతూ బరువనిపించే దాకా బిగించి, వదులు చేసి, మళ్లీ చేతి వేళ్లతో అందినంత మాత్రమే బిగించి, కాటర్ పిన్ను రంధ్రానికి సరిపడేలా దగ్గరి గాడికి వెనక్కి తిప్పాలి. టేపర్ బేరింగుకు కొద్దిపాటి ఆట, అంటే వదులు, ఉండాలి, పానాతో గట్టిగా బిగించిన హబ్బు త్వరగా కాలిపోతుంది. పాత కాటర్ పిన్ను మళ్లీ వాడకూడదు. కొత్త బేరింగులు వేశాక యాభై కిలోమీటర్లు తిరిగిన తరువాత ఒకసారి ఆట చూసుకోవాలి, కప్పులు సర్దుకుని వదులవుతాయి.

ట్రాక్టరు, ట్రాలీలను చెరువులోకో కాలువలోకో దించి కడిగే అలవాటు చాలా ఊళ్లలో ఉంది. యార్డు నుంచి తిరిగి వచ్చీ రాగానే ఇలా దించడం బేరింగులకు చేసే అపకారాల్లో పెద్దది. వేడిగా ఉన్న హబ్బు చల్లని నీటిలో మునగగానే లోపలి గాలి కుంచించుకుని, సీలు పక్కనుంచి నీటిని లోపలికి పీల్చుకుంటుంది. బండిని గంటసేపైనా ఆపి చల్లార్చి, ఒడ్డునే బకెట్లతో కడగాలి. దమ్ము రోజుల్లో నీటిలో తిరగక తప్పదు గనుక, ఆ పని అయిపోయి ఖరీఫ్ కోతలు మొదలుకాకముందే, అక్టోబరు ప్రాంతంలో, ఏటా ఒకసారి హబ్బులు విప్పి గ్రీజు మార్చుకుంటే సంవత్సరం గడుస్తుంది.

లోపం గుర్తించడానికి రోడ్డు పక్కన ఆపినప్పుడల్లా వేళ్ల వెనక వైపుతో హబ్బులను తాకి, కుడి ఎడమలు పోల్చుకోవడం మంచి అలవాటు. అన్నీ గోరువెచ్చగా ఉంటే చింత లేదు, ఒకటి మాత్రం చేయి ఆనించలేనంత వేడిగా ఉంటే అక్కడే ఆపాలి. ఇంటి దగ్గర చక్రాన్ని జాకీ మీద లేపి, పైనా కిందా పట్టుకుని ఊపితే టకటకమంటూ ఆట తెలిస్తే నట్టు వదులో బేరింగు అరుగుదలో ఉన్నట్టు, తిప్పితే గరగరమంటే లోపల గుంతలు పడినట్టు. విప్పినప్పుడు గ్రీజు పాలలా తెల్లగా ఉంటే నీరు చేరింది, సీలు మార్చాలి. రోలర్లు నీలిరంగుకు తిరిగితే గ్రీజు లేకో అతిగా బిగించో కాలింది. కప్పు మీద పెచ్చులూడిన గుంతలుంటే బేరింగు వయసు తీరింది లేదా బరువు ఎక్కువైంది. కప్పే హబ్బులో తిరుగుతుంటే, దాన్ని పంచుతో చుక్కలు కొట్టి బిగించడం, డబ్బా రేకు ముక్క దూర్చడం నాలుగు రోజుల ముచ్చట. హబ్బుకు స్లీవు వేయించడమో, హబ్బే మార్చడమో చేయాలి.

టైర్లు

నాలుగు చక్రాల ట్రాలీలకు 7.50-16, 9.00-16 సైజులు, రెండు చక్రాల వాటికి 9.00-20, 10.00-20 సైజులు వాడుకలో ఎక్కువ. వ్యాసం పెద్దదైన టైరు మెత్తని నేలలో తేలికగా దొర్లుతుంది గనుక, పొలం పని ఉన్నవారు 20 అంగుళాల రిమ్ము వైపే మొగ్గడం సబబు. టైరు గోడ మీద ఉండే 16 ప్లై వంటి అంకె లోపలి పొరల లెక్క కాదు, అది ఎంత బరువు తట్టుకుంటుందో తెలిపే కొలత.

కొత్త ట్రాలీ టైరు, లారీ నుంచి దించిన పాత టైరు, రీట్రేడ్ చేసిన (అరిగిన పైపొర మీద కొత్త రబ్బరు వేసిన) టైరు, ఈ మూడింటిలో ఏది అన్నది దూరాన్ని బట్టి, సరుకును బట్టి తేల్చుకోవాలి. కోతల రోజుల్లో మాత్రమే తిరిగే ట్రాలీకి, పది పదిహేను కిలోమీటర్ల లోపు దూరాలకు, మంచి గోడలున్న రీట్రేడ్ టైరు నిస్సందేహంగా చాలు, దానికి కొత్త టైరు ధర పెట్టడం అనవసరం, ఎందుకంటే అది అరగకముందే ఎండకు పగులుతుంది. ఏడాదంతా కంకర, ఇటుక తోలే బండికి కొత్తవే వేయాలి. లారీ పాత టైరు చవక గాని, గోడ మీద ఉబ్బు, తీగలు కనిపించే పగుళ్లు, రిమ్ముకు ఆనుకునే అంచు దగ్గర చీలికలు, లోపల మాసికలు ఉంటే ఏ ధరకూ తీసుకోకూడదు. గోడ మీది నాలుగు అంకెల తేదీ కూడా చూడాలి. 2322 అని ఉంటే అది 2022లో 23వ వారంలో తయారైనది. పదేళ్లు దాటిన టైరు గీతలు నిండుగా ఉన్నా బరువు బండికి తగదు. రేడియల్ టైరును, నైలాన్ టైరును ఒకే యాక్సిల్ మీద కలపకూడదు.

జంట టైర్లు ఉన్న ట్రాలీలో పక్కపక్క టైర్ల వ్యాసం సరిపోలాలి. 9.00-20 సైజులో అర అంగుళం కంటే తేడా ఉంటే పెద్దదే బరువంతా మోసి వేడెక్కి ముందు పోతుంది, అది పోయిన మరుక్షణం చిన్నదాని మీద రెట్టింపు భారం పడుతుంది. కొత్తదాని పక్కన అరిగినదాన్ని వేయడం ఈ కారణంగానే తప్పు. రెండింటి మధ్య ఇరుక్కున్న రాళ్లను కూడా దిగి తీసేయాలి.

గాలి ఎప్పుడూ బయలుదేరే ముందు, టైరు చల్లగా ఉన్నప్పుడు కొలవాలి. దారిలో వేడెక్కి పెరిగిన గాలిని తీసేస్తే, చల్లారాక అది తక్కువై గోడలు నలుగుతాయి. అరుగుదల కారణాన్ని చెబుతుంది. రెండు అంచులూ అరిగితే గాలి తక్కువ, నడుమ అరిగితే ఎక్కువ, ఒక్క అంచే అరిగితే యాక్సిల్ వంగింది, అక్కడక్కడా మచ్చలుగా అరిగితే బేరింగు వదులుగా ఉంది. రెండు టైర్లూ పక్కకు ఈడ్చినట్టు గరుకుగా అరిగితే యాక్సిల్ అడ్డంగా జరిగింది. హుక్కు రింగు నుంచి కుడి చక్రం మధ్యకు, ఎడమ చక్రం మధ్యకు తాడుతో కొలిస్తే అది ఇట్టే తెలుస్తుంది, రెండు కొలతలూ సమానం కాకపోతే కమాన్ కట్టల యూ బోల్టులు వదులు చేసి యాక్సిల్ సర్దించాలి.

20 అంగుళాల ట్యూబు టైర్లను రిమ్ముకు పట్టి ఉంచే ఇనుప లాక్ రింగు విషయంలో మాత్రం పొదుపు, తొందర రెండూ పనికిరావు. తుప్పుపట్టిన, వంగిన రింగు గాలి ఎక్కించేటప్పుడు ఎగిరి వచ్చి ప్రాణం తీయగలదు. చక్రాన్ని లోపల పెట్టే ఇనుప బోను ఉన్న పంక్చర్ షాపులోనే గాలి ఎక్కించాలి, బోను లేని చోట రిమ్ముకు గొలుసు చుట్టి, ఎదురుగా నిలబడకుండా పక్కనుంచి, పొడవాటి పైపుతో ఎక్కించాలి, పిల్లలను దగ్గరకు రానివ్వకూడదు. చక్రం మార్చిన తరువాత మొదటి యాభై కిలోమీటర్లకు నట్లు మళ్లీ బిగించాలి.

పాత ట్రాలీ కొనేవారికి

పాత ట్రాలీ తీసుకునేవారు కొత్త పెయింటును నమ్మకుండా, రింగు వెల్డింగు దగ్గర పెయింటు గీకి చూడాలి, చక్రాలన్నీ లేపి తిప్పించాలి, తాడుతో యాక్సిల్ కొలవాలి. రింగు పగిలి ఉంటే అది బేరానికి కారణం, యాక్సిల్ వంగి ఉంటే వదిలేయడానికి కారణం. హబ్బు సైజు మీ మండల కేంద్రంలో దొరికే బేరింగుకు సరిపోతుందో లేదో నంబరు రాసుకుని వెళ్లి ముందే కనుక్కోవాలి, ఎందుకంటే కోతల మధ్యలో బేరింగు పోతే దాని కోసం విజయవాడకో హైదరాబాదుకో పోవడం రెండు రోజుల పని. ట్రాలీకి వేరే రిజిస్ట్రేషను నంబరు ఉంటుంది, ఆ పత్రం మీది బరువు పరిమితి చూసి, వెనక రిఫ్లెక్టర్లు, లైట్లు పనిచేస్తున్నాయో లేదో చూసుకుని, అప్పుడే డబ్బు చెల్లించాలి.